ఇంజిన్ ఆయిల్‌లో లోహపు రజను కనిపిస్తే ఏం చేయాలి? పెర్ఫార్మెన్స్ కార్ల ఓనర్లకు సమగ్ర మార్గదర్శి

"ఆయిల్ దించుతుంటే ట్రేలో చమ్కీలు మెరిశాయి. ఇంజిన్ పోయినట్టేనా?"

స్కోడా ఆక్టేవియా వీఆర్ఎస్ ఓనర్లు, బీఎండబ్ల్యూ ఎం340ఐ నడిపేవాళ్లు, సెకండ్ హ్యాండ్‌లో పాత బీఎండబ్ల్యూ ఎం3 కొనబోతున్నవాళ్లు పదేపదే అడిగే ప్రశ్న ఇది. ప్రశ్నతో పాటు ఒక ఫోన్ ఫొటో కూడా వస్తుంది. ఆ ఫొటో ఒక్కటీ చూసి నిజాయితీగా జవాబు చెప్పడం ఎవరి వల్లా కాదు. అప్పటికే మెకానిక్ డ్రైన్ బోల్ట్‌ని కాటన్ వేస్ట్‌తో తుడిచేసి ఉంటాడు, పాత ఫిల్టర్ చెత్తబుట్టలో పడి ఉంటుంది, దించిన ఆయిల్ పెద్ద డ్రమ్ములో కలిసిపోయి ఉంటుంది.

ఆయిల్ మార్చే ఆ గంటలోనే ఆధారాలన్నీ దొరుకుతాయి. జాగ్రత్త పడకపోతే ఆ గంటలోనే పోతాయి. అందుకే ఈ మార్గదర్శిలో ఎక్కువ భాగం ఆ గంట గురించే.

1. దించకముందే రాసి పెట్టుకోవాల్సినవి

రజను ఎంత దొరికిందన్నది ఒక్కటే తెలిస్తే సరిపోదు. ఎన్ని కిలోమీటర్లలో, ఎలాంటి వాడకంలో పోగైందో కూడా తెలియాలి. అప్పుడే ఆ లెక్కకు అర్థం.

- ఓడోమీటర్ రీడింగ్, ఈ ఆయిల్ పోసినప్పటి రీడింగ్
- ఆయిల్ బ్రాండు, గ్రేడు, కంపెనీ అప్రూవల్ (వీడబ్ల్యూ 504 00, బీఎండబ్ల్యూ ఎల్ఎల్-01 వంటివి)
- మధ్యలో ఎంత ఆయిల్ టాప్ అప్ చేశారు
- ఈమధ్య ఇంజిన్ విప్పి చేసిన పని ఏదైనా ఉందా: గ్యాస్కెట్, టర్బో, టైమింగ్ చైన్, ఆయిల్ కూలర్
- రీమ్యాప్ (ఇంజిన్ కంప్యూటర్ సాఫ్ట్‌వేర్ మార్చి పవర్ పెంచడం) చేయించారా, ట్రాక్ మీద నడిపారా
- ఆయిల్ ప్రెషర్ లైటు ఎప్పుడైనా వెలిగిందా, కొత్త శబ్దం ఏదైనా వినిపిస్తోందా

ఈ చివరి ప్రశ్నకు జవాబు "అవును" అయితే ఇంజిన్ స్టార్ట్ చేయకండి, నేరుగా 8వ భాగానికి వెళ్లండి.

కొత్త కారు మొదటి ఆయిల్ మార్పులో, రీబిల్డ్ అయిన ఇంజిన్ మొదటి వందల కిలోమీటర్లలో కొంత రజను రావడం మామూలే. పిస్టన్ రింగులు, బోర్ (సిలిండర్ లోపలి గోడ) ఒకదానికొకటి సర్దుకునే దశ అది. ఆ ఆయిల్‌ని చూసి కంగారు పడొద్దు. అలాగని చూడకుండా పారబోయనూ వద్దు, తర్వాత పోల్చుకోవడానికి అదే మొదటి లెక్క.

2. సామాన్లు

చాలామట్టుకు సికింద్రాబాద్ రాణిగంజ్‌లో దొరుకుతాయి. ఫిల్టర్ కట్టర్ మాత్రం ఆన్‌లైన్లో తెప్పించుకోవాల్సి రావచ్చు.

- శుభ్రంగా కడిగి ఆరబెట్టిన డ్రైన్ ట్రే
- తెల్లటి ప్లాస్టిక్ ట్రే ఒకటి, గాజు గిన్నె ఒకటి
- కాఫీ ఫిల్టర్ పేపర్లు
- కార్ పెయింట్ కలిపే షాపుల్లో వాడే కాగితపు వడపోత గరాటులు
- చిన్న నియోడిమియం అయస్కాంతం, చుట్టడానికి పల్చటి పాలిథిన్ కవరు
- బంగారం పనివాళ్లు కంటికి పెట్టుకునే 10ఎక్స్ లెన్స్
- మినరల్ టర్పెంటైన్ (పెయింట్ షాపుల్లో ఎంటీఓ అని అడగండి)
- పదునైన కట్టర్ బ్లేడు, సూది, పట్టకారు
- నైట్రైల్ గ్లోవ్స్, కళ్లద్దాలు, మంచి టార్చ్
- మెడికల్ షాపులో అమ్మే స్టెరైల్ శాంపుల్ డబ్బాలు మూడు
- కొత్త ఫిల్టర్, కొత్త ఓ-రింగులు, డ్రైన్ బోల్ట్‌కి కొత్త వాషర్
- జాకీ, జాక్ స్టాండ్లు, టార్క్ రెంచ్

కడగడానికి పెట్రోల్ వాడకండి. మూసి ఉన్న సెల్లార్‌లో పెట్రోల్ ఆవిరి చాలా ప్రమాదం. ఎంటీఓకి కూడా మంట అంటుకుంటుంది గానీ పెట్రోల్ అంత సులువుగా కాదు. ఏది వాడినా గాలి ఆడే చోటే వాడండి.

అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో వెలుతురు చాలదు. రజను రంగు తేల్చుకోవాలంటే ఎండను మించిన దీపం లేదు. దించడం ఎక్కడ చేసినా, చూడటం మాత్రం టెర్రస్ మీదో గ్యారేజీ బయటో పెట్టుకోండి.

పని గ్యారేజీలో చేయిస్తున్నారా? అయితే ముందే చెప్పండి: "ఉస్తాద్, ఆయిల్ పైనుంచి మెషిన్‌తో లాగొద్దు, కింద బోల్ట్ విప్పి దించండి. బోల్ట్ తుడవకుండా నా చేతికివ్వండి. పాత ఫిల్టర్ నేను తీసుకెళ్తా." సర్వీస్ సెంటర్ అయితే ఈ మాటలు జాబ్ కార్డు మీద రాయించండి. నోటిమాట అడ్వైజర్ దగ్గరే ఆగిపోతుంది, కారు కింద పని చేసే కుర్రాడి దాకా చేరదు.

పైనుంచి పంపుతో లాగే పద్ధతి ఆయిల్ మార్చడానికి తప్పేమీ కాదు. కానీ రజను కోసం వెతికేవాళ్లకు అది పనికిరాదు. బరువైన రేణువులు ఆయిల్ చాంబర్ (ఇంజిన్ కింద ఆయిల్ నిలిచే తొట్టి) అడుగున ఉండిపోతాయి, డ్రైన్ బోల్ట్ చూసే అవకాశమే ఉండదు.

3. ఆయిల్ దించే క్రమం

1) కారుని ఓ పదిహేను నిమిషాలు నడపండి. రేణువులు ఆయిల్‌లో బాగా కలిసి ఉండాలి. రాత్రంతా నిలబడిన కారులో అవి అడుగుకు చేరి ఉంటాయి.

2) ఇంజిన్ ఆపి పది నిమిషాలు ఆగండి. ఆయిల్ గోరువెచ్చగా ఉంటే చాలు. సలసల కాగే ఆయిల్ చేతి మీద పడితే బొబ్బలెక్కుతుంది.

3) చదునైన చోట ఎత్తి జాక్ స్టాండ్ల మీద నిలపండి. జాకీని నమ్మి కారు కిందికి దూరొద్దు.

4) అండర్ ట్రే తీశాక డ్రైన్ బోల్ట్ చుట్టూ పేరుకున్న మట్టిని ఎంటీఓలో తడిపిన గుడ్డతో పూర్తిగా తుడవండి. ఈ పని చాలామంది వదిలేస్తారు. బోల్ట్ విప్పగానే రోడ్డు మీది ఇసుక శాంపుల్లో పడిందంటే ల్యాబ్ రిపోర్టులో సిలికాన్ ఎక్కువ చూపిస్తుంది, మీరు ఎయిర్ ఫిల్టర్‌ని అనుమానిస్తారు.

5) బోల్ట్ విప్పండి. మొదటి ధారను ట్రేలోకి పోనివ్వండి. కొన్ని సెకన్లయ్యాక ధార మధ్యలో శాంపుల్ డబ్బాలు పట్టండి. మొట్టమొదటి ఆయిల్ అడుగు మడ్డితో వస్తుంది, చివరి చుక్కల్లోనూ అంతే. మధ్య ధారే ఇంజిన్‌లో తిరిగిన ఆయిల్‌కి సరైన నమూనా. అన్నీ కలిపి 100 మిల్లీలీటర్లు ఉంటే చాలు.

6) డబ్బా మూత పెట్టి అక్కడికక్కడే తేదీ, కిలోమీటర్లు రాయండి.

7) బోల్ట్‌ని తుడవకండి. తెల్ల కాగితం మీద పెట్టి దగ్గర నుంచి ఫొటో తీయండి. అయస్కాంతం ఉన్న బోల్ట్ అయితే దాని కొసన పట్టిన పదార్థాన్ని వేలితో నలిపి చూడండి.

బోల్ట్ మీద బూడిద రంగు ముద్ద వెన్నలా మెత్తగా నలిగి, చేతికి గరుకు తగలకపోతే అది రోజువారీ అరుగుదల. గుచ్చుకునే పుల్లలు, గోటితో ఎత్తగలిగే రేకులు ఉంటే మాత్రం వాటిని విడిగా కాగితంలో చుట్టి దాచండి.

8) ఆయిల్ పూర్తిగా కారనివ్వండి. దించిన ఆయిల్‌ని పెయింట్ గరాటు గుండా నెమ్మదిగా వడకట్టండి. ఐదారు లీటర్లు వడకట్టడానికి ఓపిక కావాలి. గరాటు మూసుకుపోతే కొత్తది మార్చండి, పాతది పారేయకండి.

9) కొత్త వాషర్ వేసి, సర్వీస్ మాన్యువల్‌లో ఉన్న టార్క్‌కే బోల్ట్ బిగించండి. అల్యూమినియం చాంబర్‌లో బలం కొద్దీ బిగిస్తే మరలు అరుగుతాయి, వచ్చేసారి ఆ తురుమే మీకు రజనులా కనిపిస్తుంది. కొన్ని యూరోపియన్ కార్లకి ప్లాస్టిక్ చాంబర్, ప్లాస్టిక్ డ్రైన్ ప్లగ్ ఉంటాయి. ఆ ప్లగ్‌ని ప్రతిసారీ కొత్తది వేయాలి.

4. ఫిల్టర్ విప్పి చదవడం

అసలు సాక్షి ఇదే. ఆయిల్‌లో తిరిగే పెద్ద రేణువులు ఎప్పటికప్పుడు ఫిల్టర్ మడతల్లో చిక్కుకుంటాయి. ట్రేలోని ఆయిల్ శుభ్రంగా కనిపించి, ఫిల్టర్ నిండా బేరింగ్ (తిరిగే షాఫ్ట్‌ని మోసే లోహపు పట్టీ) రేకులు ఉండటం సాధ్యమే. ఆయిల్ చూసి "బాగానే ఉంది" అనేసి ఫిల్టర్ పారేస్తే పరీక్ష చేయనట్టే.

చాలా పెర్ఫార్మెన్స్ కార్లలో కార్ట్రిడ్జ్ ఫిల్టర్లు ఉంటాయి, వీటికి బయట రేకు డబ్బా ఉండదు. బీఎండబ్ల్యూ బీ58 ఇంజిన్‌లోనూ ఇలాంటిదే. వీటిని విప్పడం తేలిక.

కార్ట్రిడ్జ్ అయితే:

- హౌసింగ్ మూత విప్పి ఫిల్టర్‌ని నిటారుగా పైకి తీసి తెల్ల ట్రేలో పెట్టండి
- హౌసింగ్ అడుగున మిగిలిన ఆయిల్‌ని కూడా చూడండి, బరువైన ముక్కలు అక్కడ ఆగుతాయి
- పైన, కింద ఉన్న రింగుల అంచు వెంట బ్లేడుతో కోసి కాగితాన్ని విడదీయండి
- మడతల కాగితాన్ని ఒక చోట నిలువుగా కోసి పట్టీలా పరవండి

రేకు డబ్బా ఫిల్టర్ అయితే కట్టర్‌ని అంచు చుట్టూ తిప్పుతూ కొంచెం కొంచెంగా బిగిస్తూ కోయాలి. హ్యాక్సా, గ్రైండర్ దగ్గరికి రానివ్వొద్దు. వాటి పొట్టు లోపల పడ్డాక ఏది ఇంజిన్‌దో ఏది రంపానిదో తేల్చలేం.

ఇప్పుడు చదవడం. పరిచిన కాగితాన్ని ఎండలో పట్టుకుని అటూ ఇటూ వంచండి. మడతల లోతులో, ముఖ్యంగా ఆయిల్ లోపలికి వచ్చే వైపు చూడండి. ఆయిల్ తడికి కాగితమంతా మెరుస్తుంది, దాన్ని చూసి మోసపోవద్దు. లోహపు రేణువు ఒక కోణంలో చటుక్కున మెరిసి, వంపు మార్చగానే మాయమవుతుంది. నాలుగైదు సూక్ష్మమైన చుక్కలు అక్కడక్కడా కనిపిస్తే అది ఏ ఇంజిన్‌లోనైనా ఉండేదే. ప్రతి మడతలోనూ చమ్కీ చల్లినట్టు ఉంటే, లేదా ఒక్క ముక్కైనా గోటితో తీయగలిగేంత ఉంటే తర్వాతి అడుగు వేయాలి.

కాగితాన్ని గాజు గిన్నెలో ఎంటీఓ పోసి మెల్లగా జాడించండి. ఆ ద్రవాన్ని కాఫీ ఫిల్టర్ పేపర్ గుండా వడకట్టండి. పేపర్ ఆరాక దాని మీద మిగిలిందే మీ అసలు నమూనా. లెన్స్ పెట్టి చూడండి, పక్కన స్కేలు ఉంచి ఫొటో తీయండి. తర్వాత ఆ పేపర్‌ని జిప్ కవర్‌లో వేసి తేదీ రాసి భద్రపరచండి.

5. దొరికింది ఏ లోహం?

అయస్కాంతాన్ని పాలిథిన్‌లో చుట్టి ఆరిన పేపర్ మీద అర అంగుళం ఎత్తున తిప్పండి. అంటుకున్నవాటిని వేరే కాగితం మీదికి తెచ్చి, పాలిథిన్ లోంచి అయస్కాంతం లాగేస్తే రజను కాగితం మీద రాలుతుంది. కవరు లేకుండా పెడితే ఆ రజను అయస్కాంతాన్ని జన్మలో వదలదు.

అంటుకున్నది ఇనుము లేదా ఉక్కు. సన్నటి పొడి అయితే రింగులు, బోర్ సాధారణ అరుగుదల కావచ్చు. పొలుసుల్లా, పుల్లల్లా ఉంటే క్యామ్, లిఫ్టర్లు (వాల్వుల్ని తెరిచే భాగాలు), టైమింగ్ చైన్, ఆయిల్ పంపు వైపు చూడాలి. బేరింగ్ లోపలి లోహమంతా పోయి ఉక్కు వీపు దాకా అరిగినా ఇనుమే వస్తుంది. అది చాలా ఆలస్యమైన దశ.

అంటుకోని వాటిని రంగును బట్టి విడదీయండి.

రాగి, ఇత్తడి రంగు: కొన్ని రకాల బేరింగుల మధ్య పొర, కనెక్టింగ్ రాడ్ చిన్న కొసలోని బుష్, టర్బో బేరింగ్. రాగి రంగు పొలుసులు కనిపిస్తే తేలిగ్గా తీసుకోవద్దు. బేరింగ్ పై పొర అరిగి లోపలి పొర బయటపడిందని అర్థం కావచ్చు.

మసక వెండి రంగు, సూదితో నొక్కితే మెత్తగా సాగేది: సీసం, తగరం కలిసిన బేరింగ్ పై పొర.

తెల్లటి మెరుపు, చాలా తేలిక: అల్యూమినియం. పిస్టన్ స్కర్ట్, క్యామ్ కూర్చునే హెడ్ భాగం, ఆయిల్ పంపు బాడీ, లేదా అల్యూమినియం-తగరం బేరింగ్.

అల్యూమినియమో కాదో తేల్చడానికి పాత పద్ధతి ఒకటుంది. గాజు గిన్నెలో కాస్త నీళ్లు పోసి, అందులో చిటికెడు కాస్టిక్ సోడా కలిపి, బాగా కడిగి ఆరబెట్టిన రేణువుల్ని వేయండి. అల్యూమినియం అయితే బుడగలు వస్తాయి. కాస్టిక్ సోడా చర్మాన్ని, కళ్లని కాలుస్తుంది. వచ్చే బుడగలు హైడ్రోజన్. గ్లోవ్స్, కళ్లద్దాలు తప్పనిసరి, పరీక్ష ఆరుబయటే. పిల్లలున్న ఇంట్లో ఈ పరీక్ష మానేసి ల్యాబ్‌కే వదిలేయండి.

ఇంజిన్ మోడల్ తెలిస్తే సగం పని తగ్గుతుంది. బీఎండబ్ల్యూ ఎస్65 (ఈ90, ఈ92 ఎం3), ఎస్85 (ఈ60 ఎం5) ఇంజిన్లలో కనెక్టింగ్ రాడ్ బేరింగులు తొందరగా అరుగుతాయన్నది అందరికీ తెలిసిన సంగతి. ఆ కార్లలో రాగి, సీసం కనిపిస్తే వేరే కారణాల కోసం వెతుకుతూ నెలలు గడపకండి. పోర్షే 996, బాక్స్‌స్టర్ 986లలోని ఎం96 ఇంజిన్‌లో ఇంటర్మీడియట్ షాఫ్ట్ బేరింగ్ బలహీనత; అక్కడ ఉక్కు రజనుతో పాటు బేరింగ్ సీల్ తాలూకు నల్లటి ప్లాస్టిక్ ముక్కలు రావచ్చు. బీఎండబ్ల్యూ ఎన్20లో టైమింగ్ చైన్ గైడ్లు విరుగుతాయి, వాటి ప్లాస్టిక్ పెంకులు చాంబర్‌లో దొరుకుతాయి.

ఇంకో సంగతి. యూరప్ నిబంధనల వల్ల ఇప్పటి కొత్త ఇంజిన్లలో సాధారణంగా సీసం లేని బేరింగులే వస్తున్నాయి. "రిపోర్టులో సీసం సున్నా, కాబట్టి బేరింగులు భద్రం" అనే పాత లెక్క వీటికి చెల్లదు. అల్యూమినియంతో పాటు తగరం పెరుగుతోందా, లేక రాగితో పాటు తగరం పెరుగుతోందా అన్నది చూడాలి.

6. లోహంలా కనిపించే ఇతర వస్తువులు

ఇంజిన్ విప్పించే ముందు ఈ జాబితా ఒకసారి సరిచూసుకోండి.

- ఆయిల్ డబ్బా మూత కింది రేకు సీల్ ముక్క. సీల్‌ని స్క్రూ డ్రైవర్‌తో పొడిచి పోసినప్పుడు ఇది లోపలికి పోతుంది. పల్చగా, ముడతలుగా, ఒక వైపు ప్లాస్టిక్ పొరతో ఉంటుంది
- గాలి బుడగలు. పది నిమిషాలు కదపకుండా ఉంచితే పోతాయి
- మాలిబ్డినం ఉన్న అడిటివ్‌లు. ఆయిల్ మొత్తానికి ఒకే రకమైన బూడిద మెరుపు వస్తుంది, విడి రేణువులు కనిపించవు
- కాపర్ గ్రీజు. వేలితో నలిపితే పూతలా పూసుకుపోతుంది
- గ్యాస్కెట్ సీలెంట్ తుంపులు. రబ్బరులా సాగుతాయి
- కార్బన్ పెళ్లలు. నల్లగా ఉండి సూదితో నొక్కగానే పొడి అవుతాయి
- సరిగా కడగని ట్రే, గరాటు. గ్యారేజీలో ఒకే ట్రే నాలుగు కార్లకు వాడితే పక్క కారు రజను మీ లెక్కలో పడుతుంది

7. ల్యాబ్ పరీక్ష, రిపోర్టు చదివే తీరు

జనరేటర్లు, క్రేన్లు, మైనింగ్ బండ్లు నడిపే సంస్థలు ఆయిల్ అనాలిసిస్ రెగ్యులర్‌గా చేయిస్తుంటాయి. ఆ పని చేసే ల్యాబులకు కారు ఆయిల్ కూడా పంపవచ్చు. పంపే ముందు ఫోన్ చేసి ఈ పరీక్షలన్నీ ఉంటాయా అని అడగండి:

- ఐసీపీ (ప్లాస్మా వేడిలో మండించి కొలిచే) పద్ధతిలో లోహాలు: ఇనుము, రాగి, సీసం, తగరం, అల్యూమినియం, క్రోమియం
- సిలికాన్, సోడియం, పొటాషియం
- 100 డిగ్రీల దగ్గర విస్కాసిటీ (ఆయిల్ చిక్కదనం)
- పెట్రోల్ ఎంత కలిసింది
- టీబీఎన్ (ఆమ్లాల్ని అణచే శక్తి ఆయిల్‌లో ఎంత మిగిలిందో చెప్పే అంకె)
- పీక్యూ ఇండెక్స్

పీక్యూ ఎందుకో చెప్పాలి. ఐసీపీ యంత్రం సుమారు 5 నుంచి 8 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) లోపు రేణువుల్నే సరిగా చదువుతుంది. మన కంటికి కనిపించే రేణువు 40 మైక్రాన్ల పైమాటే. అంటే మీరు ఫిల్టర్‌లో కళ్లతో చూసిన రేకులు ఆ రిపోర్టులో అసలు ఉండకపోవచ్చు. పీక్యూ పరీక్ష సైజుతో సంబంధం లేకుండా అయస్కాంతానికి అంటుకునే ఇనుము మొత్తాన్ని కొలుస్తుంది. ఫిల్టర్‌లో ముక్కలు కనిపించి, ల్యాబ్ రిపోర్టు "నార్మల్" అని వస్తే ఫిల్టర్ చెప్పిందే నమ్మండి.

అంకెల్ని కిలోమీటర్లతో భాగించి చూడండి. 10,000 కిలోమీటర్ల ఆయిల్‌లో 40 పీపీఎం (పది లక్షల భాగాల్లో 40) ఇనుము ఉంటే వెయ్యికి 4 చొప్పున. 3,000 కిలోమీటర్ల ఆయిల్‌లో 30 పీపీఎం ఉంటే వెయ్యికి 10. చిన్న అంకె ఉన్న రెండో కారే ఎక్కువ అరుగుతోంది. మధ్యలో టాప్ అప్ ఎక్కువ పోసి ఉంటే నిజమైన అరుగుదల రిపోర్టులో కనిపించే దానికన్నా ఎక్కువే.

ఏవి కలిసి పెరిగాయో చూడటం ముఖ్యం:

- సిలికాన్, అల్యూమినియం, ఇనుము కలిసి: గాలితో దుమ్ము లోపలికి పోతోంది. ఎయిర్ ఫిల్టర్ బాక్స్ సీల్, ఇన్‌టేక్ పైపుల క్లిప్పులు, ఓపెన్ కోన్ ఫిల్టర్ చూడండి
- సిలికాన్ ఒక్కటే, అదీ గ్యాస్కెట్ పని తర్వాత: సీలెంట్
- సోడియం, పొటాషియం: కూలెంట్ కలుస్తోంది. వెంటనే పట్టించుకోవాలి
- ఇనుము, క్రోమియం: రింగులు, బోర్
- రాగి ఒక్కటే, కొత్త ఆయిల్ కూలర్ వేశాక: కూలర్ లోపలి నుంచి కరిగి వచ్చే రాగి కావచ్చు, రెండు మూడు ఆయిల్ మార్పుల్లో తగ్గాలి
- రాగి, తగరం, వీలుంటే సీసం: బేరింగులు

8. ఇప్పుడేం చేయాలి?

మెత్తటి ముద్ద, ఫిల్టర్‌లో నాలుగు చుక్కలు: కొత్త ఆయిల్ పోయండి, ఫొటోలు దాచండి, మామూలుగా నడపండి.

చమ్కీ ఎక్కువగా ఉంది కానీ పెద్ద ముక్కలు లేవు, శబ్దం లేదు, ప్రెషర్ బాగుంది: కంపెనీ చెప్పిన గ్రేడు ఆయిల్, కొత్త ఫిల్టర్ వేసి, శాంపుల్ ల్యాబ్‌కు పంపండి. 500 కిలోమీటర్లు మెల్లగా నడిపి మళ్లీ ఫిల్టర్ విప్పండి. మొదటిసారి కన్నా బాగా తగ్గితే పాత నిల్వ బయటికి వచ్చినట్టు. 500 కిలోమీటర్లకే అంతే రజను పోగైతే అరుగుదల ఇప్పుడు జరుగుతున్నట్టు.

రేకులు, పుల్లలు, రాగి పొలుసులు, లేదా రజనుతో పాటు టకటక శబ్దం, ప్రెషర్ లైటు: స్టార్ట్ చేయొద్దు. "గ్యారేజీ పక్కనే, మెల్లగా తీసుకెళ్తా" అనుకోవద్దు. బేరింగ్ మార్చితే సరిపోయే ఇంజిన్ ఆ రెండు కిలోమీటర్లలో క్రాంక్ గీసుకుని, రాడ్ విరిగి, బ్లాకే పగిలే దాకా పోగలదు. ఫ్లాట్‌బెడ్ పిలిపించండి. ఆల్ వీల్ డ్రైవ్ కార్లని రెండు చక్రాల మీద లాగించకూడదు.

గ్యారేజీలో విప్పించాల్సిన వరుస ఇలా ఉండాలి. ఖర్చు తక్కువ ఉన్న పరీక్ష ముందు, ఎక్కువ ఉన్నది వెనక:

1) స్పార్క్ ప్లగ్ రంధ్రం గుండా బోర్‌స్కోప్ (లోపలికి దూర్చే సన్నటి కెమెరా). బోర్ గోడల మీద నిలువు గీతలు ఉన్నాయా?
2) కంప్రెషన్, లీక్ డౌన్ టెస్టులు. సిలిండర్ గాలిని ఎంత బిగుతుగా పట్టి ఉంచుతోందో ఇవి చెప్తాయి.
3) టర్బో షాఫ్ట్ ఆట, వీల్ అంచులు హౌసింగ్‌కి రాసుకున్న గుర్తులు.
4) ఆయిల్ చాంబర్ దించి పికప్ జాలీ (ఆయిల్ పంపు ఆయిల్ పీల్చే చోట ఉండే వల) చూడటం. ఇక్కడ దొరికే ముక్కలు చాలా విషయాలు చెప్తాయి.
5) ఒక్కో రాడ్ క్యాప్ విప్పి బేరింగులు చూడటం. చాలా ఇంజిన్లలో ఆ బోల్టులు ఒకసారి విప్పితే కొత్తవే వేయాలి. విప్పకముందే తెప్పించి పెట్టుకోండి.

మెకానికల్ గేజ్‌తో ఆయిల్ ప్రెషర్ చూడటం కూడా మంచి పరీక్షే. కానీ దానికి ఇంజిన్ నడవాలి కాబట్టి రేకులు దొరికిన ఇంజిన్ మీద చేయించకండి. రెండో రకం కేసుకే అది.

9. తరచూ జరిగే పొరపాట్లు

శబ్దం తగ్గడానికి చిక్కటి ఆయిల్ పోయడం. శబ్దం తగ్గొచ్చు, అరుగుదల తగ్గదు. కారు అమ్మేవాళ్లు కూడా ఈ పని చేస్తారు, అందుకే పాత పెర్ఫార్మెన్స్ కారు కొనేముందు ఆయిల్ శాంపుల్, విస్కాసిటీ పరీక్ష అడగండి.

రజను కనిపించగానే ఇంజిన్ ఫ్లష్ పోసి నడపడం. పల్చబడ్డ ఆయిల్‌తో, దెబ్బతిన్న బేరింగుల మీద ఇంజిన్ తిప్పినట్టవుతుంది. అడుగున కూర్చున్న మడ్డి లేచి పికప్ జాలీకి అడ్డం పడే ప్రమాదమూ ఉంది.

బేరింగులు మార్చి ఆయిల్ కూలర్‌ని పాతదే ఉంచడం. ఇది అన్నిటికన్నా బాధ కలిగించే పొరపాటు, ఎందుకంటే లక్షలు పెట్టి బాగుచేసిన ఇంజిన్ మళ్లీ పోతుంది. కూలర్ సన్నటి దారుల్లో చిక్కిన రజను కడిగినా పూర్తిగా రాదు. కూలర్ కొత్తది వేయాలి. టర్బో ఆయిల్ పైపు, వాల్వ్ టైమింగ్ సోలినాయిడ్ల జాలీలు, బ్లాక్ లోపలి ఆయిల్ దారులు విప్పి కడగాలి. ఎస్టిమేట్‌లో ఈ లైన్లు లేకపోతే చేర్పించండి.

ఒక్క రిపోర్టుతో తీర్పు చెప్పడం. ప్రమాద సూచనలు లేనప్పుడు కనీసం మూడు మార్పుల లెక్క పక్కపక్కన పెట్టి చూడాలి.

10. హైదరాబాద్ వాడకంలో చూసుకోవాల్సినవి

మన ఊళ్లో కిలోమీటర్ల లెక్క ఇంజిన్ పడ్డ కష్టాన్ని తక్కువ చేసి చూపిస్తుంది. హైటెక్ సిటీ ట్రాఫిక్‌లో గంటకు 20 కిలోమీటర్ల సగటుతో 10,000 కిలోమీటర్లు తిరిగితే ఇంజిన్ 500 గంటలు నడిచినట్టు. అదే దూరం 60 సగటుతో అయితే 167 గంటలు. ఊళ్లోనే తిరిగే కారుకి ఆయిల్ మార్పు గడువుని సగానికి తగ్గించమనే నా సలహా.

ఇంట్లోంచి బయల్దేరి పది నిమిషాల్లో ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) ఎక్కేవాళ్లు ఇంకో విషయం గమనించాలి. కూలెంట్ ముల్లు మధ్యకు రాగానే ఇంజిన్ వేడెక్కిందనుకుంటారు. ఆయిల్ అంతకన్నా ఆలస్యంగా వేడెక్కుతుంది. ఆయిల్ టెంపరేచర్ 80 డిగ్రీలు దాటే వరకు యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కకండి.

కోకాపేట, నార్సింగి, తెల్లాపూర్ వైపు నిర్మాణాల దుమ్ములో రోజూ తిరిగేవాళ్లు ఎయిర్ ఫిల్టర్‌ని ప్రతి ఆయిల్ మార్పుకీ విప్పి చూడండి. ఫిల్టర్ దాటిన వైపు పైపులో వేలు పెట్టి తుడవండి. వేలికి దుమ్ము అంటితే సీల్ ఎక్కడో లీక్.

వానాకాలంలో నీళ్లు నిలిచిన అండర్‌పాస్‌లో కారు ఆగిపోతే మళ్లీ సెల్ఫ్ కొట్టకండి. సిలిండర్‌లోకి నీళ్లు చేరితే రాడ్ కొద్దిగా వంగవచ్చు. ఇంజిన్ ఆ రోజు స్టార్ట్ అయి మామూలుగానే నడవొచ్చు, కానీ బేరింగ్ ఒక పక్కగా అరగడం మొదలవుతుంది. అలా నీళ్లలో ఆగిన కారుకి ఆయిల్ వెంటనే మార్చి, 500 కిలోమీటర్లకు ఫిల్టర్ విప్పి చూడటం మంచిది.

11. పని అయ్యాక

రిపేర్ చేయించిన ఇంజిన్‌కి మొదటి 500 కిలోమీటర్ల దగ్గర, తర్వాత 1,500 దగ్గర, ఆపైన 3,000 దగ్గర ఫిల్టర్ విప్పండి. ప్రతిసారీ రజను తగ్గుతూ పోవాలి. ఎక్కడైనా పెరిగితే గ్యారేజీ వాళ్లకి ఫొటోలతో చూపించండి. తేదీ, కిలోమీటర్లు రాసిన కాఫీ పేపర్లు వరుసగా ముందు పెడితే, వారంటీ గురించి మాట్లాడేటప్పుడు వాదన అక్కర్లేదు.

వాడిన ఆయిల్‌ని నాలాలో, ఖాళీ స్థలంలో పోయకండి. చట్టప్రకారం అది ప్రమాదకర వ్యర్థం, పోసింది చివరికి మూసీకే చేరుతుంది. మూత బిగుతుగా ఉన్న క్యాన్‌లో పట్టి, కాలుష్య నియంత్రణ మండలి అనుమతి ఉన్న రీసైక్లర్లకు ఆయిల్ ఇచ్చే గ్యారేజీలో అప్పగించండి. ఎంటీఓతో జాడించిన ద్రవాన్ని అందులో కలపకుండా వేరే సీసాలో ఇవ్వండి.